ఎనిమిది గేర్లు, రెండో యజమాని

నకిరేకల్‌లో ఇల్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం ఉన్న మా మేనల్లుడు ఆటోమేటిక్ కారు కొనాలని కొన్ని నెలలుగా వెతుకుతున్నాడు. మొన్న తాను తయారుచేసుకున్న పట్టిక ఒకటి నాకు పంపాడు. ధర, మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, డిక్కీ వైశాల్యం వంటి వాటి మధ్య గేర్ల సంఖ్యకు కూడా ఒక వరుస కేటాయించి, నాలుగు గేర్లున్న బండికి తక్కువ మార్కులు, ఆరున్నదానికి కొంచెం ఎక్కువ, ఎనిమిదున్నదానికి అన్నిటికంటే ఎక్కువ వేశాడు. "మామా, గేర్లు ఎక్కువున్నదే మంచిది కదా, రేటు కూడా అందుకే ఎక్కువ పెట్టిన్రు కదా" అని అడిగాడు. ఈ ప్రశ్న అతడొక్కడిదే కాదు. సూర్యాపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో షోరూముకు వెళ్లిన ప్రతివారికీ అమ్మేవాళ్లు ఈ అంకెనే ముందుగా వినిపిస్తున్నారు. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కొంత వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నాలుగు గేర్ల నుంచి ఆరు గేర్లకు రావడం పెట్టిన ప్రతి రూపాయికీ తగిన మార్పు. ఆరు నుంచి ఎనిమిదికి వెళ్లడం ఇంజనీరింగ్ పరంగా మెచ్చుకోదగినదే కాని, దాని ప్రయోజనం కారు బరువును బట్టి, అది నడిచే వేగాన్ని బట్టి, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని బాగుచేయగలవాడు ఎంత దూరంలో ఉన్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎనిమిది దాటిన తరువాత మన దారుల మీద తిరిగేవారికి దక్కే లాభమేదీ నాకు కనిపించదు. ఇంకొక విషయం మా మేనల్లుడి పట్టికలో ఏ వరుసలోనూ లేదు. గేర్లు పెరిగినందువల్ల మిగిలే ఇంధనం ఒకరికి దక్కుతున్నది, పెరిగిన చిక్కుదనానికి మూల్యం మరొకరు కడుతున్నారు.

నాలుగు చాలని చోటు

నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే శ్రీశైలం వెళ్లిరావడం చాలు. కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు వరకు దారి పెద్దగా పరీక్ష పెట్టదు. తిరుగు ప్రయాణంలో ఆనకట్ట దగ్గరి నుంచి దోమలపెంట వైపు ఎక్కే మలుపుల్లో, నిండా మనుషులతో, ఏసీ వేసుకుని వెళ్తున్నప్పుడు మూడో గేరులో ఇంజనుకు బలం చాలదు, రెండో గేరులో వేస్తే అరుస్తుంది. ఈ రెండింటి మధ్య ఉండవలసిన మెట్టు గేరుపెట్టెలో లేదు కనుక అది కాసేపు పైకి, కాసేపు కిందికి మారుతూనే ఉంటుంది. నడిపేవాడు యాక్సిలరేటరు మీద ఎంత నిదానంగా కాలు పెట్టినా ఈ ఊగిసలాట తప్పదు. పెట్టెలో లేని మెట్టును నైపుణ్యం తెచ్చి పెట్టలేదు.

అంకెల్లో చూడాలన్నా మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. మారుతి ఎర్టిగా 2022 వరకు నాలుగు గేర్ల ఆటోమేటిక్‌తో వచ్చింది. ఆ ఏడాది నుంచి ఆరు గేర్ల పెట్టెతో వస్తున్నది. పాత ఆటోమేటిక్‌కు ప్రకటించిన మైలేజీ లీటరుకు 17.99 కి.మీ., కొత్తదానికి 20.30. ఇది చూసి రెండు గేర్లు కలిపితే రెండు కిలోమీటర్లకు పైగా పెరిగిందని అమ్మేవాళ్లు చెప్పడం నేను విన్నాను. కాని ఆ ఏడాది గేరుపెట్టెతో పాటు ఇంజను కూడా మారింది. ఇంజను వాటా ఎంతో తెలుసుకోవాలంటే అదే కారు మాన్యువల్ రకాన్ని చూడాలి, ఎందుకంటే అందులో అప్పుడూ ఇప్పుడూ ఐదు గేర్లే. దాని మైలేజీ 19.01 నుంచి 20.51కి పెరిగింది. అంటే ఇంజను మార్పు ఒక్కటే లీటరుకు కిలోమీటరున్నర తెచ్చింది. ఆటోమేటిక్‌లో పెరిగిన 2.31 నుంచి దాన్ని తీసేస్తే కొత్త గేరుపెట్టె వాటాగా మిగిలేది సుమారు 0.8 కి.మీ.

ఆ 0.8ని తక్కువగా చూడకూడదు. పాత రోజుల్లో మాన్యువల్‌కు, ఆటోమేటిక్‌కు మధ్య లీటరుకు ఒక కిలోమీటరు తేడా ఉండేది. కొత్త కారులో అది 0.2కు దిగింది. ఎడమ కాలికి విశ్రాంతి కావాలంటే ఇంధనం ఎక్కువ తాగించాలన్న పాత లెక్క దాదాపుగా కొట్టుకుపోయింది. ఇవి ప్రయోగశాలలో కొలిచిన అంకెలని, చిట్యాల, నార్కట్‌పల్లి మధ్య అలా రావని నాకు తెలుసు. అయితే కొలిచిన పద్ధతి రెండింటికీ ఒకటే కనుక తేడాను నమ్మవచ్చు. దోమలపెంట ఎక్కేటప్పుడు దొరికే మధ్య మెట్టును దీనికి కలుపుకుంటే, నాలుగు నుంచి ఆరుకు రావడం మీద నాకు ఏ అనుమానమూ లేదు.

ఆరు, ఎనిమిది పక్కపక్కన పెడితే

ఇక్కడి నుంచే విషయం చిక్కబడుతుంది. జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్ సంస్థ 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్ కోసం ఆరు గేర్ల పెట్టెను, 2009లో ఎనిమిది గేర్ల పెట్టెను తెచ్చింది. ఈ రెండింటినీ పోల్చడం సులువు, ఎందుకంటే చేసినవారు ఒకరే, వాడినది ఒకే తరహా కార్లలో.

ఆరు గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి, అంటే పెట్టె నుంచి బయటికి ఒక్క చుట్టు రావడానికి ఇంజను తిరగవలసిన చుట్లు, 4.17, చివరిది 0.69. ఎనిమిది గేర్ల పెట్టెలో మొదటిది 4.71, చివరిది 0.67. చివరి గేర్ల అంకెలను ఒకసారి పక్కపక్కన చూడండి. మిగిలినవన్నీ ఒకే తీరుగా ఉంటే, ఆరు గేర్ల కారు నూరు కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఎనిమిది గేర్ల కారు సుమారు 1,940 చుట్లు తిరుగుతుంది. విజయవాడ దారిలో చౌటుప్పల్ దాటాక పై గేరులో సాఫీగా సాగిపోతున్నప్పుడు ఆ అరవై చుట్ల తేడాను డ్రైవరు చెవి పట్టుకోలేదు. మొదటి గేరు బలం పెరిగింది కనుక వెనుక ఇరుసు దగ్గరి నిష్పత్తిని తగ్గించి మరికొంత మిగుల్చుకోవచ్చు, కొన్ని కార్లలో అలా చేశారు కూడా. అయినా "పై గేర్లు పెరిగాయి కాబట్టి హైవే మీద మైలేజీ పెరుగుతుంది" అని షోరూములో చెప్పే మాటకు ఈ అంకెల్లో పెద్దగా ఆధారం లేదు.

ఎనిమిది గేర్ల అసలు లాభం కింది మెట్లలో ఉంది. ఆరు గేర్ల పెట్టెలో మొదటి గేరు 4.17 నుంచి రెండోది 2.34కు దిగుతుంది, ఇంజను 3,000 చుట్ల మీద ఉండగా గేరు మారితే ఒక్కసారిగా 1,700 దాకా పడిపోతుంది. ఎనిమిది గేర్ల దానిలో 4.71 నుంచి 3.14కు వస్తుంది, అంటే 3,000 నుంచి 2,000కు మాత్రమే. బరువైన కారు కదిలేటప్పుడు ఈ తేడా శరీరానికి తెలుస్తుంది. ఇంజను శక్తిని నూనె ద్వారా పెట్టెకు అందించే టార్క్ కన్వర్టరును ముందుగానే లాక్ చేయడం వల్ల నూనెలో జారిపోయే శక్తి కూడా తగ్గుతుంది. వీటన్నిటినీ కలిపి తయారీదారు చెప్పిన ఇంధన పొదుపు ఆరు గేర్ల దానికంటే సుమారు 6 శాతం.

ఆ 6 శాతాన్ని మన జేబు లెక్కలోకి మార్చి చూద్దాం. ఏడాదికి 12,000 కి.మీ. తిరిగే కారు లీటరుకు 15 కి.మీ. ఇస్తే 800 లీటర్లు కావాలి. అందులో 6 శాతం 48 లీటర్లు. లీటరు వంద రూపాయలనుకుంటే ఏడాదికి 4,800 రూపాయలు, ఏడేళ్లకు 33,600. అది కొట్టిపారేయదగ్గ సొమ్ము కాదు. కాని ఎనిమిది గేర్ల పెట్టెలో నూనె, ఫిల్టరు మార్పించడానికి ఒక్కసారి నగరానికి తీసుకువెళ్తే అందులో చాలా భాగం అక్కడే ఖర్చవుతుంది.

మెకానికల్ మిత్రుడి అభ్యంతరం

పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పే ఒక మిత్రుడికి ఈ వ్యాసం మొదటి చిత్తుప్రతి చూపించాను. అతడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. గేర్లు పెరిగినంత మాత్రాన చిక్కుదనం పెరిగినట్టు రాయడం తప్పని, పెట్టె విప్పి చూసి మాట్లాడాలని అన్నాడు.

అతని వాదన బలమైనదే. ఆటోమేటిక్ పెట్టెలో మాన్యువల్‌లో లాగా ఒక్కో వేగానికి ఒక్కో జత గేర్లు ఉండవు. మధ్యలో ఒక సూర్య గేరు, దాని చుట్టూ గ్రహ గేర్లు, బయట వాటిని చుట్టి ఉండే వలయ గేరు కలిసి ఒక సమితి అవుతాయి. అందులో ఏ భాగాన్ని బిగించి పట్టుకుంటామో, ఏ రెండింటిని కలిపి తిప్పుతామో దాన్ని బట్టి నిష్పత్తి మారుతుంది. ఈ పట్టుకునే, కలిపే పనిని క్లచ్‌లు, బ్రేకులు చేస్తాయి. జడ్‌ఎఫ్ ఆరు గేర్ల పెట్టెలో ఇలాంటివి మొత్తం ఐదు. ఎనిమిది గేర్ల పెట్టెలో కూడా ఐదే. పెరిగినవి గ్రహ గేర్ల సమితులు, అవి నాలుగు. అవి సాధారణంగా అరిగేవి కావు. అరిగేవి క్లచ్ పలకలు.

ఇంకా ముఖ్యమైన విషయం ఒకటి అతడే చెప్పాడు. ఆరు గేర్ల దానిలో ఏ గేరులోనైనా ఐదింటిలో రెండు బిగిసి, మూడు వదులుగా తిరుగుతుంటాయి. ఆ వదులుగా తిరిగే పలకలు నూనెను చిలుకుతూ శక్తిని వృథా చేస్తాయి. ఎనిమిది గేర్ల దానిలో మూడు బిగిసి ఉంటాయి, వదులుగా తిరిగేవి రెండే. అంటే గేర్లు పెరిగినా లోపలి రాపిడి తగ్గింది. పైగా ఒక గేరు నుంచి పక్క గేరుకు మారేటప్పుడు ఒకటి వదలడం, మరొకటి పట్టుకోవడం తప్ప ఇంకేమీ జరగదు. అవసరమైతే ఎనిమిది నుంచి నేరుగా రెండుకు దిగగలదు. లోహం మేరకు చూస్తే అది పాతదానికంటే తెలివైన నిర్మాణమే. ఇందులో నాకు వాదించడానికి ఏమీ లేదు, ఒప్పుకుంటున్నాను.

అయితే లోహం సరళంగా ఉండి, మెట్లు మాత్రం పెరిగితే, చిక్కుదనం మాయం కాదు, మరో చోటికి మారుతుంది. ఎనిమిది మెట్లలో ఎప్పుడు, ఎంత ఒత్తిడితో, ఎన్ని మిల్లీసెకన్లలో మారాలో నిర్ణయించే బాధ్యత మొత్తం కంప్యూటరు మీద, అది నడిపే సొలెనాయిడ్ల (కరెంటుతో పనిచేసే వాల్వుల) మీద, వాటికి పనిముట్టుగా ఉన్న నూనె మీద పడుతుంది. చాలా ఆధునిక పెట్టెల్లో ఈ కంప్యూటరు, వాల్వులు కలిసి ఒకే ముక్కగా, మెకట్రానిక్ అనే పేరుతో, వేడి నూనె మధ్యలోనే కూర్చుని ఉంటాయి. అరిగిన క్లచ్ పలకను చేత్తో పట్టుకుని చూడవచ్చు. తప్పు ఒత్తిడి పంపుతున్న వాల్వును, కారు కంప్యూటరును చదివే స్కానరు లేకుండా ఎవరూ చూడలేరు. కాబట్టి విడిభాగాల సంఖ్య కంటే, తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఏమేమి కావాలన్నదే నాకు సరైన కొలతగా తోస్తున్నది.

ఎక్కువ గేర్లు నిజంగా కావలసినవారు

ఎక్కువ గేర్లు ఎక్కడా అక్కర్లేదని నేను అనడం లేదు. మన పొలాల్లో తిరిగే మామూలు ట్రాక్టరుకు ముందుకు ఎనిమిది, వెనక్కి రెండు గేర్లు ఉంటాయి. ఆ ఎనిమిదింటిలో ఒక్కటి కూడా అలంకారానికి లేదు. కేజ్ వీల్స్ కట్టి దమ్ము చేసేటప్పుడు ఒక గేరు, రోటావేటరు వేసేటప్పుడు ఒకటి, ధాన్యం నింపిన ట్రాలీని మిర్యాలగూడ మిల్లుకు తోలేటప్పుడు ఇంకొకటి అవసరమవుతాయి. ఏ పనికి ఏ గేరో తోలేవాడికి తెలుసు. లారీ సంగతీ అంతే. ఖాళీగా వెళ్లినప్పటి బరువుకు, నిండు లోడు బరువుకు మధ్య మూడు, నాలుగు రెట్ల తేడా ఉంటుంది. దాని డీజిల్ ఇంజను మంచి బలం ఇచ్చేది కూడా ఇరుకైన చుట్ల పరిధిలోనే. ఆ ఇరుకు పరిధిలోనే ఇంజనును నిలబెట్టాలంటే మెట్లు దగ్గరదగ్గరగా ఉండాలి.

కారుకు ఈ రెండు కారణాలూ బలహీనం. ఒక్కడు ఎక్కినా ఐదుగురు ఎక్కినా మొత్తం బరువు రెట్టింపు కాదు. ఇప్పటి టర్బో ఇంజన్లు 1,500 చుట్ల చుట్టుపక్కల నుంచే దాదాపు పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇస్తూ చాలా దూరం నిలుపుకుంటాయి. ఇంజను తనంతట తానే విశాలమైన పరిధిలో బలం ఇస్తున్నప్పుడు గేర్లు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉండవలసిన పని తగ్గాలి. జరిగింది మాత్రం తలకిందులు: ఇంజన్లు వెసులుబాటు పెంచుకున్న కాలంలోనే గేర్లు కూడా పెరిగాయి.

తొమ్మిది, పది

ఎందుకు పెరిగాయన్నది పది గేర్ల పెట్టెను చూస్తే తెలుస్తుంది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించి 2017 నుంచి అమెరికాలో వాడుతున్న పది గేర్ల పెట్టెలో, ఫోర్డ్ పికప్ ట్రక్కుకు వాడే రకంలో, మొదటి గేరు 4.70, పదోది 0.64. పైన చెప్పిన ఎనిమిది గేర్ల పెట్టె 4.71 నుంచి 0.67 దాకా వెళ్తుందని గుర్తు చేసుకోండి. రెండు కొసలూ దాదాపు అక్కడే ఉన్నాయి. చేర్చిన రెండు మెట్లు మధ్యలో ఇరికించినవి: మూడో గేరు 2.15, నాలుగు 1.77, ఐదు 1.52, ఆరు 1.28. ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, మామూలుగా నడిపేటప్పుడు ఆ పెట్టె కంప్యూటరే కొన్ని గేర్లను దాటేసి వెళ్తుంది. పెద్ద బోటునో, ఇంటి సామాను ట్రెయిలరునో లాగే అమెరికా పికప్ ట్రక్కుకు అవి కొంత పనికివస్తాయి, కాదనను. అలాంటి లాగుడు పని లేని కారులో వాటికి చోటెక్కడ?

తొమ్మిది గేర్ల కథ వేరు. ఇంజనును అడ్డంగా అమర్చిన, ముందు చక్రాలు తిరిగే కార్ల కోసం జడ్‌ఎఫ్ చేసిన తొమ్మిది గేర్ల పెట్టె 2013లో రేంజ్ రోవర్ ఎవోక్‌తో వచ్చింది. మన దగ్గర జీప్ కంపాస్ డీజిల్ ఆటోమేటిక్‌లో ఉన్నది కూడా ఈ కుటుంబానికి చెందినదే. దాని మొదటి గేరు 4.70, తొమ్మిదోది 0.48. ఆ తొమ్మిదో గేరు గంటకు నూరు కిలోమీటర్లకు పైన నిలకడగా వెళ్లగలిగిన దారుల కోసం చేసినది. మన నాలుగు వరుసల జాతీయ రహదారుల మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగమే 100. అందులోనూ డివైడరు సందులోంచి ఎదురొచ్చే ట్రాక్టర్లు, పత్తి సీజనులో రోడ్డు అంచున బారులు తీరే లోడు బండ్లు, ఊరి మొదట్లో రంబుల్ స్ట్రిప్పులు ఉండే చోట ఆ గేరు ఎన్ని నిమిషాలు పడుతుంది? దాన్ని పెట్టెలో మోసుకు తిరగడమే అవుతుంది. చోటు ఆదా కోసం ఆ పెట్టెలో రెండు చోట్ల మామూలు క్లచ్‌లకు బదులు పళ్లు పళ్లలో దిగే డాగ్ క్లచ్‌లు పెట్టారు. అవి కలవాలంటే రెండు వైపుల చుట్లు కచ్చితంగా సరిపోవాలి, అందుకోసం కంప్యూటరు ఒక క్షణం ఇంజను శక్తిని తగ్గించి సర్దుబాటు చేయాలి. ఆ సర్దుబాటు సాఫ్ట్‌వేరును సంస్థలు ఎన్నోసార్లు మార్చుకోవలసి వచ్చింది.

సంస్థలు ఇంత శ్రమ పడటానికి కారణం ఉంది. మన దేశంలో 2017-18 నుంచి ప్రతి సంస్థ అమ్మే కార్ల సగటు ఇంధన వాడకానికి ప్రభుత్వం పరిమితి పెట్టింది, 2022-23 నుంచి దాన్ని మరింత బిగించింది. అమెరికా, ఐరోపాల్లో ఇలాంటి పరిమితులు ఇంకా ముందు నుంచే ఉన్నాయి. సంస్థకు లక్షల కార్ల సగటులో ఒక్క శాతం తగ్గినా అది పెద్ద విషయం. ఆ లక్ష్యాన్ని నేను గౌరవిస్తాను. ఎండాకాలంలో నల్లగొండలో 45 డిగ్రీలు చూసేవాళ్లం, ఇంధనం తక్కువ కాల్చాలన్న నియమాన్ని తప్పుపట్టలేము. కాని సంస్థకు విలువైన ఆ ఒక్క శాతాన్ని, కొనేవాడికి విలువైన సౌకర్యంగా అమ్మడం దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

మూల్యం కట్టేది ఎవరు

మిర్యాలగూడలో ఉండే మా చిన్నాయన కొడుకు హైదరాబాద్ నుంచి ఎనిమిది గేర్ల డీజిల్ ఆటోమేటిక్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మన జిల్లాల్లో కార్లు చేతులు మారే తీరు ఇదే. నగరంలో మొదటి యజమాని వారంటీ ఉన్నంతకాలం వాడి అమ్మేస్తాడు. తరువాతి పదేళ్లు ఆ కారు సూర్యాపేట, నల్లగొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి చోట్ల గడుపుతుంది. కొన్న ఏడాదికి తమ్ముడి కారు రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు కొట్టుకోవడం మొదలుపెట్టింది. సంక్రాంతి ముందురోజుల్లో పంతంగి టోల్ దగ్గర వరుసలో ఇరుక్కుని, గంటసేపు ఒకటి, రెండు, మూడు గేర్ల మధ్య మారుతూ జరిగిన తరువాత, ఆ కొట్టుడు గుద్దినంత గట్టిగా తయారైంది.

నల్లగొండలో మాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాము. లారీ ఇంజన్లు విప్పి బిగించిన చేయి అతనిది. కారును ఒక రౌండు తిప్పి వచ్చి, "సార్, ఇంజనైతే ఇయ్యాల్నే విప్పుత. ఇది పెట్టె లోపటి కంప్యూటర్ పని, పట్నం తీస్కపోవాలె" అన్నాడు. పట్నంలో సంస్థ సర్వీసు సెంటరులో చూసి మెకట్రానిక్ మొత్తం మార్చాలని, లక్షల్లో అవుతుందని చెప్పారు. ఇంకొకచోట అడిగితే, ఆటోమేటిక్ పెట్టెలే బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపు అతను ముందు నూనె ఎప్పుడు మార్చారని అడిగాడు. ఎప్పుడూ మార్చలేదు. మొదటి యజమాని సర్వీసు పుస్తకంలో ఆ నూనె "జీవితకాలానికి సరిపడా" నింపినదని అచ్చువేసి ఉంది. నూనె దించి చూస్తే నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. నూనె, ఫిల్టరు మార్చి, కంప్యూటరు పాత అలవాట్లను చెరిపి కొత్తగా నేర్పించాక కొట్టుడు చాలావరకు పోయింది. ఖర్చు మా ఊళ్లో ఒక మంచి పాడిగేదె ధర.

ఈ సంఘటన నా వాదనకు పూర్తిగా అనుకూలమైనది కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. పాడైనది ఎనిమిది గేర్ల వల్ల కాదు, మార్చవలసిన నూనెను మార్చకపోవడం వల్ల. నాలుగు గేర్ల పెట్టెలోనైనా మాడిన నూనె మంచి చేయదు. అయితే పాత నాలుగు గేర్ల పెట్టెకు నూనె కొలిచే డిప్‌స్టిక్ ఉండేది, దించడానికి బోల్టు ఉండేది, ఊళ్లోని షెడ్డులోనే ఆ పని అయ్యేది. ఇప్పటి పెట్టెల్లో చాలావాటికి డిప్‌స్టిక్ లేదు. నూనె నిర్ణీత ఉష్ణోగ్రతకు వచ్చాక, ఇంజను నడుస్తుండగా, స్కానరులో చూస్తూ మట్టం సరిచేయాలి. కొన్నిటికి ఫిల్టరు కింది పాన్‌లోనే అచ్చుపోసి ఉంటుంది, అది మార్చాలంటే పాన్ మొత్తం కొనాలి. గేర్లు పెరిగే కొద్దీ ఒత్తిడి అంత కచ్చితంగా ఉండాలి, అందువల్ల నూనె అంత మంచిగా ఉండాలి, అందువల్ల ఈ ఏర్పాట్లన్నీ వచ్చాయి. పెట్టెలు చేసే జడ్‌ఎఫ్ తన నూనెను 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య మార్చమని చెబుతుంటే, కార్లు అమ్మే సంస్థలు కొన్ని జీవితకాలం అని రాయడం వెనుక ఎవరి జీవితకాలం ఉందో నాకు అర్థమైంది. అది మొదటి యజమాని వారంటీ కాలం.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ వచ్చినప్పుడు, డీజిల్‌లో ఎక్కువ ఒత్తిడితో ఇంధనం చిమ్మే కామన్ రైల్ వచ్చినప్పుడు కూడా ఇవి మన ఊళ్లలో బాగుకావనే అన్నారు. ఇవాళ ఏ చిన్న పట్టణంలో చూసినా ఇంజెక్టర్లు పరీక్షించే షాపు ఉంది, మెకానిక్ కుర్రాళ్ల చేతిలో స్కానర్లు ఉన్నాయి. మన షెడ్ల తెలివిని తక్కువ అంచనా వేయడం అన్యాయం. కాని కామన్ రైల్ ప్రతి లారీలో, ప్రతి వ్యానులో, అన్ని డీజిల్ కార్లలో వచ్చింది. రోజూ పని దొరికింది, నేర్చుకున్న ఖర్చు తిరిగి వచ్చింది. ఆటోమేటిక్ పెట్టెలు మన జిల్లాల్లో తక్కువ, వాటిలో రకాలు చాలా ఎక్కువ: మాన్యువల్ పెట్టెకే యంత్రం గేర్లు మార్చే ఏఎంటీ, మెట్లు లేని సీవీటీ, రెండు క్లచ్‌ల డీసీటీ, ఆరు గేర్ల కన్వర్టరు, ఎనిమిదిది, తొమ్మిదిది. ఒక్కోదానికి వేరే నూనె, వేరే సాఫ్ట్‌వేరు. నెలకు ఒక్కటి కూడా రాని రకం పెట్టె కోసం నల్లగొండ మెకానిక్ లక్షలు పెట్టి పరికరం కొనడు, కొనమని అడగడం కూడా న్యాయం కాదు. వాడుకలో ఎక్కువగా ఉన్న ఆరు గేర్ల పెట్టెల మీద ముందుగా పట్టు రావడం సహజం, వస్తున్నది కూడా.

మెట్లు లేని దారి

గేర్ల పోటీ ఇంకెంతకాలం సాగుతుందన్నది వేరే ప్రశ్న. నెక్సాన్ వంటి ఎలక్ట్రిక్ కార్లకు ఒక్కటే గేరు. మోటారు సున్నా నుంచే టార్క్ ఇస్తుంది కనుక రెండోదాని అవసరం రాదు. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఇంకా ఆసక్తికరమైన ఏర్పాటు ఉంది. ఇంజను శక్తిని చీల్చడానికి అందులో ఉన్నది ఒకే ఒక గ్రహ గేర్ల సమితి. దానికి రెండు మోటార్లు జోడించి, వాటి వేగాలను మార్చడం ద్వారా, మెట్లు లేకుండా ఎన్ని నిష్పత్తులైనా తెస్తారు. టార్క్ కన్వర్టరు లేదు, గేరు మార్చే క్లచ్ పలకలూ లేవు. నాలుగు సమితులు, ఐదారు క్లచ్‌లు, బ్రేకులతో పది మెట్లు కట్టినవారి నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే, నాకు ఈ ఒక్క సమితి ఎక్కువ నచ్చుతుందని చెప్పక తప్పదు. అందులో ఎలక్ట్రానిక్స్ తక్కువేమీ కాదు, బ్యాటరీ ధర వేరే ఉంది. ఆ లెక్క ఇంకో వ్యాసంలో చూడవలసినది.

అప్పటివరకు రోడ్ల మీదికి వచ్చే లక్షల ఆరు, ఏడు, ఎనిమిది గేర్ల కార్లు ఇంకో పదిహేనేళ్లు మన మధ్యే తిరుగుతాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక సంఘాన్ని నియమించి, అదే ఏడాది చివర ఒక పోర్టల్‌ను తెరిచింది. అందులో పేర్కొన్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలతో పాటు మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. గేరుపెట్టెల విషయంలో ఆ హక్కు కాగితం దాటి రావాలంటే మూడు పనులు జరగాలని నేను కోరుతున్నాను. మన ఎండకు, మన ట్రాఫిక్‌కు తగిన నూనె మార్పు గడువును కిలోమీటర్లలో, ఏళ్లలో సర్వీసు పుస్తకంలో తెలుగులో కూడా అచ్చువేయాలి. ఫిల్టరును, సొలెనాయిడ్లను విడిగా అమ్మాలి. నూనె మట్టం సరిచేయడానికి, పెట్టెకు తిరిగి నేర్పించడానికి కావలసిన స్కానరు సమాచారాన్ని, తగిన రుసుము తీసుకునైనా సరే, బయటి మెకానిక్‌కు ఇవ్వాలి. ఇవి ఉన్న ఎనిమిది గేర్ల కారును మిర్యాలగూడలో ఉండేవారికి కూడా నేను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. ఇవి లేనంతకాలం ఆరు గేర్లదే కొనమంటాను, అది కూడా పెట్టె నూనె మార్చినట్టు రశీదు చూపించగలిగిన యజమాని దగ్గర.